‘అభిరుచులు’ అనే గడి: పెళ్ళి సంబంధాల యాప్‌ను రెండేళ్ళ నాలుగు నెలలు వాడాక

2022 మార్చి నుంచి 2024 జూలై వరకు ఒక పెళ్ళి సంబంధాల యాప్‌ వాడాను. పేరు చెప్పను. చుట్టాల ఇళ్ళలో వాడినవి కూడా చూశాను, అన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉన్నాయి.

అప్పటికి నాకు ముప్ఫై దాటాయి. విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు, గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్‌గారి దగ్గర ఉద్యోగం. పెదనాన్న తెచ్చిన మూడు సంబంధాలూ పెళ్ళిచూపుల దగ్గరే ఆగిపోయాయి. ఉద్యోగం, ఎత్తు, జీతం సరే, ఆదివారం పొద్దున ఎదురుగా కూర్చుని కబుర్లాడే మనిషి కావాలన్నాను. “అది బయోడేటాలో ఎక్కడ రాయాలమ్మా?” అని ఆయన వెటకారం లేకుండానే అడిగారు. యాప్‌లో దానికి ఒక గడి ఉంది: ‘అభిరుచులు’. ఆ గడిని చూసే డబ్బు కట్టాను.

అసలు గొడవంతా ఆ గడితోనే. సంగీతం, సినిమాలు, ప్రయాణాలు, వంట, పుస్తకాలు, తోటపని అని ఒక జాబితా ఇస్తారు. కావలసిన వాటికి టిక్కు పెట్టుకోవాలి. అడ్డుకునేవారు ఎవరూ ఉండరు కనుక అందరూ అన్నిటికీ పెడతారు. ఫలితంగా ఊళ్ళో సగం మందితో నాకు ‘అభిరుచులు 90 శాతం కలిశాయి’ అని వచ్చేది. పంతులుగారు 36 గుణాల్లో 18 కలిస్తే చాలంటారు. యాప్‌ ఆయనకన్నా ధారాళం.

పైగా ఆ టిక్కులు పెట్టేది పెళ్ళికొడుకే అనుకోవడానికి లేదు. చాలా ఖాతాలు తల్లిదండ్రులో అక్కలో తెరిచినవి. వంట ఇష్టమని ఉన్న ఒకాయనను ఏమి వండుతారని అడిగాను. “నేనా? అది అక్క పెట్టింది” అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయనంటే ఇప్పటికీ గౌరవమే.

మరొకరు సాహిత్యం, పుస్తక పఠనం రెండిటికీ టిక్కు పెట్టారు. మా ఊళ్ళో ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, అక్కడే కలుద్దామన్నాను. ఆయన వచ్చి మిరపకాయ బజ్జీల దుకాణం దగ్గర నిలబడ్డారు. నేను రెండు వరుసల దుకాణాలు తిరిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నారు. మనిషి మంచివాడే, నాకూ ఒక పొట్లం కొని పెట్టారు. కానీ లోపలికి రానేలేదు.

వెతుకులాట తీరు గురించి కూడా చెప్పాలి. కులం, శాఖ, నక్షత్రం, ఆదాయం ముందు వరుసలో ఉంటాయి. అభిరుచులు అన్నిటికన్నా అడుగున. కులం, శాఖ వడపోత నేనే తీసేశాను. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచే అంతకుముందు కనిపించని మనుషులు కనిపించారు. నాన్నగారు వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆయనే ఫొటోలు చూడటం మొదలుపెట్టారు.

ధ్రువీకరణ దగ్గర మార్కులు వేయలేను. ఖాతా తెరిచేవారి గుర్తింపు, చిరునామా పత్రాలు తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ఇలాంటి సైట్లకు మార్గదర్శకాలిచ్చింది. నేను వాడినదాంట్లో ఆకుపచ్చ గుర్తు ఫోను నంబరు సరిచూస్తేనే వచ్చేసింది. ఆ గుర్తున్న ఒకాయనకు అప్పటికే పెళ్ళయిందని పెదనాన్న రెండు ఫోన్లలో తేల్చారు. మనిషిని చూపించడం వరకే యాప్‌ పని, ఆరా తీయడానికి పెదనాన్నలు ఉండాల్సిందే. ఇంకొక ఇంటివారు మూడో ఫోనుకే ‘లాంఛనాలు’ అన్నారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో, అప్పటికి మా అమ్మ కూడా పుట్టలేదు.

రెండో ఏడాది మొదట్లో విసుగొచ్చి టిక్కులన్నీ తీసేశాను. ‘నా గురించి’ అన్నచోట పేపర్లో వచ్చే క్రాస్‌వర్డ్‌ గురించి ఒకే మాట రాశాను: “ఆదివారం గళ్ళనుడికట్టు పెన్నుతో నింపుతాను. కాఫీ చల్లారినా లేవను.” అంతవరకు వారానికి పది, పదిహేను మంది నుంచి ‘ఆసక్తి ఉంది’ అని వచ్చేది. అది నెలకు ఇద్దరు ముగ్గురికి పడిపోయింది. మీ వివరాలు బలహీనంగా ఉన్నాయి, ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకోండి అని కంపెనీవాళ్ళు ఫోను చేశారు. తీసుకోలేదు. ఆ తర్వాత నేను కట్టినవన్నీ చిన్న ప్యాకేజీలే, వాటిలోనే పని జరిగింది.

ఒకరోజు గుంటూరు నుంచి ఒక సందేశం వచ్చింది. నమస్కారం లేదు, ‘మీ ప్రొఫైల్‌ నచ్చింది’ అనే అరిగిపోయిన వాక్యమూ లేదు. ఇంతే ఉంది: “గుంట పూడిస్తే గుంటూరులో మిగిలేది (2).”

ఆఫీసులో జీఎస్టీ లెక్కల మధ్య చదివాను. గుంటూరులోంచి గుంట తీసేస్తే ఊరు. బ్రాకెట్లో అంకె చెప్పినట్టే రెండక్షరాలు. నవ్వాపుకోలేక పక్క సీటులో అమ్మాయికి చూపించాను. తనకేమీ అర్థం కాలేదు. అదీ మేలే అయింది, వందమందిలో తొంభై తొమ్మిది మందికి అర్థం కాని మాటకు నేనెందుకు నవ్వానో నాకు అప్పుడే తెలిసింది. నేను తిరిగి రాసింది: “పెళ్ళయినవాళ్ళు కోర్టుకెళ్ళి అడిగే ఆకులు (4).” పది నిమిషాల్లో “విడాకులు. శుభమా అని మొదలుపెడుతుంటే ఇదా?” అని జవాబు.

నాలుగు నెలలు అలా గళ్ళనుడికట్టు ఆధారాలు పంపుకున్నాం. వాటి మధ్యలోనే మిగతావీ దొర్లాయి. ఆయన మిర్చి కోల్డ్‌ స్టోరేజీలో లెక్కలు చూస్తారనీ, వాళ్ళ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులనీ, పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మానననీ. అభిరుచి కలిసింది కదా అని ఇవి అడగకుండా ఉండకండి. మేము కూడా జీతం, అప్పులు, ఇల్లు ఎక్కడ అన్నవన్నీ కూర్చుని లెక్క వేసుకున్నాకే పెద్దవాళ్ళకు చెప్పాం.

మొదటిసారి కలిసింది మంగళగిరిలో. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం దగ్గర. మా అమ్మ, వాళ్ళ అమ్మగారు కూడా వచ్చారు. కొండ మీద పానకాలస్వామి పోసిన పానకంలో సగమే తాగి సగం మనకు వదిలేస్తాడని అమ్మ ఆయనకు వివరిస్తోంది, గుంటూరువాడికి తెలియనట్టు! మోకాళ్ళ వల్ల వాళ్ళ అమ్మగారు కొండెక్కలేదు, ఆయన కిందే ఉండిపోయారు. నేనూ అమ్మా పైకి వెళ్ళి పానకం తెచ్చేసరికి అరుగు మీద ఆ ఆదివారం పేపరు మడిచి పెట్టుకుని ఉన్నారు. చేతిలో పెన్సిలు. పెన్సిలు! పక్కన రబ్బరు కూడా. నాకు గుండె కాస్త జారింది. నేను చూస్తుండగా నిలువు ఏడు చెరిపేశారు.

అడ్డం పన్నెండులో మాత్రం ఒక గడి ఖాళీగా వదిలేశారు. అక్కడ ‘ళ’నో ‘ల’నో పడాలి. ఏదో ఒకటి వేసెయ్యవచ్చుగా అన్నాను. “తెలియదు కదా” అన్నారు. బజ్జీల దుకాణం, అక్కగారి టిక్కులు, ఆకుపచ్చ గుర్తు అన్నీ చూసి వచ్చిన మనిషిని నేను. ఆ ఖాళీ గడి నచ్చింది.

ఒకే సరదా ఉంటే గొడవలుండవని ఎవరైనా చెబితే నమ్మకండి. శ్రావణంలో పెళ్ళయింది. ఇద్దరి ఉద్యోగాలకూ మధ్యగా మంగళగిరిలోనే అద్దెకు దిగాం. మొదటి ఆదివారమే పేపరు కోసం తగువు పడ్డాం. నేను పెన్నుతో నింపేస్తే ఆయనకు మిగిలేది ఏమీ ఉండదు. ఇప్పుడు రెండు పేపర్లు వేయించుకుంటున్నాం, నెల బిల్లు చూసి అత్తగారు నవ్వుతారు.

యాప్‌ నుంచి బయటపడటం చేరినంత సులువు కాదు. సంబంధం ఖాయమయ్యాక జూలైలో ఖాతా తీసేయబోతే ‘కారణం’ అని మళ్ళీ ఒక జాబితా. ‘ఇక్కడే సంబంధం కుదిరింది’ అన్నది నొక్కితే జంట ఫొటో పంపమని, దాన్ని ప్రకటనల్లో వాడుకుంటామని వచ్చింది. వెనక్కి వచ్చి ‘ఇతరం’ నొక్కాను. పక్కన రాయడానికి ఒక గడి ఇచ్చారు, ఖాళీగా వదిలేశాను.