ద్విభాషా పాఠ్యపుస్తకాలు: ఇంటి నేపథ్యం కోణంలో ఒక సమీక్ష

ప్రభుత్వ పాఠశాలల్లో ఉచితంగా ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని అచ్చునూ బొమ్మలనూ చూసి అంచనా వేస్తే సరిపోదు. అది ఇంటికి చేరాక, తెలుగు మాధ్యమంలో కొంతవరకే చదివి ఆపేసిన అమ్మానాన్నలకు ఏమాత్రం ఉపయోగపడుతుందో చూడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పుస్తకాలు 2020–21లో కింది తరగతులతో మొదలై, ఏడాదికేడాది పై తరగతులకు విస్తరించాయి. తెలంగాణలో 2022–23లో ఇంగ్లిషు మాధ్యమంతో పాటే వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లిషు పాఠం ఉంటే, ఎదురు పేజీలో అదే పాఠం, అవే బొమ్మలతో, తెలుగులో ఉంటుంది.

మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఒకాయన పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. ఆరో తరగతి చదివే ఆయన కూతురు సాయంత్రం బండి పక్కనే స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. ఎల్‌సీఎం అన్న చోట ఆ పాప ఆగిపోయి పుస్తకం చూపిస్తే, ఆయన మొదట తనకు రాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. పాప ఎదురు పేజీ చూపించగానే, "ఇది క.సా.గు. కదమ్మా, మేమూ చేశాం" అంటూ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, 12నూ 18నీ పక్కపక్కన రాసి, ముందు 2తో, తర్వాత 3తో భాగించి, 36 అని తేల్చారు. కలిగిన ఇళ్లలో ఈ పని ట్యూషన్ మాస్టారో, ఇంగ్లిషులో చదువుకున్న తల్లో చేస్తారు. ఆ తండ్రికి లెక్క ముందే వచ్చు; పాఠం పూర్తిగా ఇంగ్లిషులోకి మారిపోయి ఉంటే ఆయన చదువు కూతురికి అక్కరకు రాకుండా పోయేది. ఈ పుస్తకం దాన్ని మళ్లీ పనికి తెచ్చింది, నా దృష్టిలో దాని అతి పెద్ద గుణం ఇదే.

అమెరికాలో సుమారు ఆరు లక్షల మంది విద్యార్థులను పరిశీలించి 1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం ఇచ్చిన నివేదిక, పిల్లల ఫలితాల్లోని తేడాలకు బడి వసతుల కంటే కుటుంబ నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం ఉందని తేల్చింది. బడికి ఎంత ఖర్చు పెట్టినా ఇంటి దగ్గరి తేడా అలాగే ఉండిపోవచ్చన్న ఆ హెచ్చరికను గుర్తుంచుకుంటే, ఇంటివాళ్లు కూడా చదవగలిగే పుస్తకానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

అయితే ఈ మేలు అక్షరం వచ్చిన ఇంటికే పరిమితం. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత దాదాపు 59 శాతమే. చదవడం రాని తల్లికి రెండు పేజీలూ ఒకటే. వీడియో పాఠాల కోసం ముద్రించిన క్యూఆర్ కోడ్ ఆ లోటును కొంత తీర్చగలదు గానీ, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ తండ్రితో పాటు పనికి వెళ్లిపోతే పిల్లలకు అది అందేది రాత్రికే. సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం పుస్తకాల్లోని తెలుగు వాక్యాలు కూడా కొన్నిచోట్ల మరీ గ్రాంథికంగా, పొడవుగా ఉన్నాయి. ఏడో తరగతితో ఆపేసిన తల్లి వాటిని చదవగలిగినా పిల్లలకు విడమరచి చెప్పలేదు. రెండు భాషలు కలిసేసరికి పుస్తకం లావెక్కడం సహజమే. ఆంధ్రప్రదేశ్‌లో సెమిస్టర్ల వారీగా విడదీసి ముద్రించడం వల్ల సంచి బరువు కొంత తగ్గింది.

ప్రైవేటు బడుల్లో పిల్లలను చదివిస్తూ, ఇంగ్లిషు పాఠం తమకు అర్థంకాక ఇబ్బంది పడే తల్లిదండ్రులకు కూడా ఈ పుస్తకాలు తెచ్చుకోమని గట్టిగా చెబుతాను. పీడీఎఫ్‌లు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వచ్చే ముద్రణలో ప్రతి పాఠం చివర, ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలను అడగదగిన నాలుగైదు ప్రశ్నలను, జవాబులతో సహా, వాడుక తెలుగులో ఒక పేజీగా చేర్చాలని కోరుతున్నాను.