తోరణమా, కుంభమా, గండభేరుండమా: గోడ మీద ఏది మేలు?

మక్తల్‌లో మా చిన్నాయన ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల పని పోయింది గానీ, బడి గోడలు, పంచాయతీ ఆఫీసు గోడలు ఇప్పటికీ బ్రష్‌తోనే. గోడ ఏదైనా మూలన ప్రభుత్వ లోగో పడాల్సిందే. అందుకే తెలంగాణ రాష్ట్ర చిహ్నం ఎలా ఉండాలన్న గొడవలో ఆయన మాటకు నేను టీవీ చర్చల కన్నా ఎక్కువ విలువిస్తాను. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు మూడింటిని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం: మన తెలంగాణ తోరణం, అంతకుముందున్న ఆంధ్రప్రదేశ్ పూర్ణకుంభం, కృష్ణ అవతలి కర్ణాటక గండభేరుండం.

వేయడానికి తేలిక పూర్ణకుంభమే. పొట్ట, మెడ, పైన ఆకులు, అంతే. అమరావతి శిల్పాల్లోంచి వచ్చిన బొమ్మ అయినా, గృహప్రవేశంలో చూసే కలశం లాంటిదే కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పే పని లేదు. 2014 దాకా మా ఊళ్లలోనూ అదే ఉండేది. అడ్డుగా కనిపించేది ఒక్కటే: నిండు కుండ ఎవరింట్లోనైనా ఉంటుంది, అది ఫలానా నేలదని దాన్ని చూసి చెప్పలేం.

గండభేరుండం దీనికి పూర్తిగా ఎదురు. రెండు తలల పక్షి ఇంకెక్కడ కనపడుతుంది? ఎర్ర డాలు మీద తెల్ల పక్షి, అటూ ఇటూ ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న జంతువులు. విజయనగర రాజు అచ్యుతరాయల నాణేల మీద అది ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని పట్టుకుని ఎగురుతుంటుంది. ఆ తర్వాత మైసూరు ఒడెయర్ల ముద్ర అయింది, వాళ్ల నుంచి రాష్ట్రానికి వచ్చింది. చూపుకు దానికి తిరుగులేదు. కానీ మాకు పక్కనే ఉన్న రాయచూరు సంగతి చూడండి. 1956 దాకా అది మాలాగే హైదరాబాద్ రాష్ట్రంలోది. ఒడెయర్లు ఏలిన ఊరు కాదు. అయినా ఈరోజు అక్కడి ఆఫీసుల మీద ఉన్నది ఒడెయర్ల పక్షే. రాజుల ముద్ర తీసుకుంటే ఆ రాజు ఎక్కడిదాకా ఏలాడో ఎవరో ఒకరు అడుగుతారు.

కర్ణాటక వాళ్లకు జెండా కూడా ఉంది, మనకు లేదు. పైన పసుపు, కింద ఎరుపు. పసుపు కుంకుమ. 1960ల్లో మా. రామమూర్తి తయారుచేసిన ఈ జెండాకు చట్టబద్ధమైన హోదా లేదు, అయినా నవంబర్ 1న రాయచూరు ఆటోల మీద కూడా అదే ఎగురుతుంది. 2018 మార్చిలో అక్కడి ప్రభుత్వం మధ్యలో తెల్ల పట్టీ, దానిలో గండభేరుండం పెట్టి కొత్తది తెచ్చింది. దానికి ఢిల్లీ ఒప్పుకోలేదు, జనం కూడా పాతదాన్నే పట్టుకున్నారు. చిన్నాయన లెక్క వేరే: “రెండు గుడ్డ ముక్కలైతే టైలర్ కుడతడు. పక్షి కావాలంటే ప్రెస్సుకు పోవాలె.”

జెండా మాట వచ్చింది కాబట్టి, మా పాత జిల్లా మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వంశపు పసుపు జెండాను కూడా చూడాలి. దాని నడుమ గుండ్రటి తెల్ల బిళ్ల, అది కుల్చా రొట్టె. మొదటి నిజాంకు ఒక సూఫీ కుల్చాలు పెట్టాడని, ఆయన ఏడు తిన్నాడని, ఏడు తరాలు ఏలతావని దీవించాడని కథ. లెక్క కూడా ఏడుగురు నిజాంలతోనే సరిపోయింది. ఆ పాలన మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నల్లగొండ వైపు ఊళ్లలో అడిగితే ఇంకా గట్టిగా చెబుతారు. డిజైన్ మాత్రం పిల్లాడు మట్టిలో పుల్లతో గీసేంత తేలిక.

ఇక మనది. ఆకుపచ్చ, బంగారు వలయం, మధ్యలో కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్, పైన నాలుగు సింహాలు, చుట్టూ ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ. గీసింది మా దక్షిణ తెలంగాణ మనిషే, ఉమ్మడి నల్లగొండ కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్. అయినా బొమ్మలో మా వైపు పాత గుళ్లున్న ఆలంపురం లేదు, పానగల్లు లేదు, వరంగల్, హైదరాబాద్ మాత్రమే ఉన్నాయి. (ఆలంపురం గుళ్లు కట్టించిన చాళుక్యులది, కాకతీయులది, విజయనగర రాజులది, ముగ్గురిదీ వరాహ లాంఛనమే. నాణేనికి వరహా అన్న పేరు కూడా అట్లా వచ్చిందే. కానీ ఇప్పుడు బడి గోడ మీద పందిని గీస్తే హెడ్‌మాస్టరు ఒప్పుకోడు.)

చిన్నాయన ఫిర్యాదు పరిమాణం గురించి. “గోడ మీద నాలుగడుగులు పెడితే బ్రహ్మాండం. రబ్బరు స్టాంపు సైజుకు వచ్చేసరికి చార్మినార్ సిరా మచ్చ అయితది.” అందుకే ఆయన స్టెన్సిల్‌ను రెండు ముక్కలుగా కోసుకున్నాడు. ముందు తోరణం వేసి, ఆరాక లోపల చార్మినార్. ఒక్క తోరణమే ఉంటే సరిపోయేదని ఆయనకు ఉంది. రెండు స్తంభాలు, అడ్డ దూలాలు, పైన హంసలు. ఊరి పొలిమేరలో సిమెంటుతో అదే కట్టుకుంటున్నారు కూడా. నిజం చెప్పాలంటే ఓరుగల్లు కోటలో ఉన్న ఆ నాలుగు రాతి ద్వారాలను ఎప్పుడూ చూడని నాకు ఆ ఆకారాన్ని ఇంత దగ్గర చేసింది ఈ లోగోనే.

2024 మేలో ప్రభుత్వం చిహ్నం మార్చాలనుకుంది. రాచరిక గుర్తులు తీసేసి అమరవీరుల స్తూపం పెట్టాలన్నది వాదన. చార్మినార్, తోరణం తీసేస్తారా అని గొడవ లేచి వాయిదా పడింది. ముఖ్యమంత్రి కూడా మా పాలమూరు మనిషే కాబట్టి మా ఊళ్లో వాదనలు కాస్త ఎక్కువే జరిగాయి.

పెయింటర్ కంటితో చూస్తే తోరణం ఒక్కటే మేలు, అందులో చిన్నాయన మాట కాదనను. జెండా కావాలంటే కన్నడిగుల రెండు రంగుల పద్ధతి మేలు. ఆఫీసు ముద్రకు మాత్రం నేను తోరణం, చార్మినార్ రెండింటినీ కలిపి ఉంచాలనే అంటాను, సిరా మచ్చ అయినా సరే. కారణం చిన్నాయన పని చేసే తీరులోనే ఉంది. ఇంగ్లీషు, తెలుగు ఆయనే రాస్తాడు. ఉర్దూ అక్షరాలు ఆయనకు రావు. ఆ పంక్తికి చాక్‌పీసు దారంతో గీత కొట్టి జాగా వదిలి, బస్టాండు దగ్గర బోర్డులు రాసే సాయిబుకు ఫోన్ చేస్తాడు. ఆయన సాయంత్రం నమాజ్ అయ్యాక స్కూటర్ మీద వచ్చి, మిగిలిన ఎనామిల్‌లోనే సన్న బ్రష్ ముంచి, కుడి నుంచి మొదలుపెట్టి పది నిమిషాల్లో ముగిస్తాడు.