షాఫ్టు మార్చి 3 ఏళ్లు: వణుకు పోయింది, మోత మిగిలింది

క్లచ్ వదిలే క్షణంలో బండి అడుగు నుంచి నడుముకు తగిలే ఆ వణుకు పోయింది. 40,000 కిలోమీటర్లు తిరిగాక కూడా మళ్లీ రాలేదు. ఇప్పటికీ బెంగళూరు సిల్క్ బోర్డు రద్దీలో ఆగి కదిలిన ప్రతిసారీ నాకు అదొక కొత్త సంతోషం.

మాది వెనక చక్రాలతో నడిచే పాత డీజిల్ బండి. ఉండేది మారతహళ్లిలో. నెలకు రెండుసార్లు అనంతపురంలో అమ్మ దగ్గరికి వెళ్తాను. ఇంజన్ బలాన్ని గేరుపెట్టె నుంచి వెనక చక్రాలకు చేర్చే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిపోయింది. ఇంజన్ బలం పడగానే షాఫ్టు నడుము పైకి ఎగిరేది, వణుకంతా అదే. ఎలాగూ విప్పాలి కాబట్టి, జె.సి. రోడ్డులో తిరిగి కొత్త షాఫ్టూ, రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్ ఉన్న బేరింగూ కొన్నాను.

బిగించాక నగరంలో హాయిగా నడిచింది. దేవనహళ్లి దాటి 70 అందుకున్నానో లేదో, సీటు అదరడం మొదలైంది. స్టీరింగ్ మాత్రం నిలకడగా ఉంది. బిగించిన షెడ్డులో టైర్ల లోపం అన్నారు. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. తర్వాత బేరింగే నాసిరకం అన్నారు. ఆరు వారాలు ఇలాగే గడిచాయి. ఖాళీ రోడ్డు మీద 80 దగ్గర న్యూట్రల్‌లో వేసి చూశాను. ఇంజన్ నెమ్మదించినా అదురు తగ్గలేదు. అంటే దోషం గేరుపెట్టెకు వెనకే ఉంది.

చివరికి పెనుకొండ దగ్గర ఒక పెద్దాయన షెడ్డులో ఆగాను. ఆయన టార్చితో బండి కింద దూరి, నిమిషంలో బయటికి వచ్చారు.

"షాఫ్టు రెండు కొసల చెవులూ ఒక వరుసలో లేవు సార్. విడదీసేటప్పుడు సుద్దతో గీత పెట్టలేదా?"

చెవులంటే షాఫ్టు కొసల్లో క్రాస్ అనే కీలును పట్టుకునే కొమ్ములు. బేరింగ్ ఎక్కించడానికి షాఫ్టును విడదీసి, తిరిగి కలిపేటప్పుడు రెండు ముక్కలను కలిపే పళ్లు ఒకటి రెండు పక్కకు కూర్చోబెట్టారన్నమాట. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు వేగం సమంగా ఉండదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. చెవులు వరుసలో ఉంటే, ఒక క్రాస్ తెచ్చిన తేడాను రెండోది సరిచేస్తుంది. వరుస తప్పితే ఆ తేడా అదురై మిగులుతుంది. 80 వేగంలో షాఫ్టు నిమిషానికి 2,000 చుట్లకు పైగానే తిరుగుతుంది మరి. ఆయన విప్పి, వరుస చూసి బిగించడానికి గంట కూడా పట్టలేదు. ఆ రాత్రి చిక్కబళ్లాపురం దాకా పాటలు పెట్టుకోలేదు. బండి చప్పుడు లేకుండా సాగుతుంటే అదే వింటూ వచ్చాను.

ఆరు వారాలపాటు నా చేత టైర్లకు డబ్బు పెట్టించిన ఆ షెడ్డు మీద కోపం మాత్రం ఇంకా తీరలేదు.

మొదటి ఏడాది, బండి లాగుడు కూడా పెరిగిందని స్నేహితులకు చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. వణుకు పోయాక భయం లేకుండా యాక్సిలరేటర్ తొక్కుతున్నాను, అంతే. సన్నటి షాఫ్టు బరువంతా అది తిరిగే అక్షానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి, దాన్ని కొంత తేలిక చేసినా తిప్పడానికి పట్టే బలంలో కలిసివచ్చేది స్వల్పం. పాలీయురేథేన్ గురించి కూడా అప్పట్లో ఎక్కువే పొగిడాను. రబ్బరు మింగేసే మోతను ఇది లోపలికి వదులుతుంది. 50 దగ్గర సన్నగా మూలుగు వినిపిస్తుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ ప్రతిసారీ "ఆ చప్పుడేమిట్రా?" అని అడుగుతుంది.

ఘాట్లూ, బరువులూ, నెలకు 800 కిలోమీటర్ల హైవే ఉన్న నాకు ఇది సరిపోయింది. ఆఫీసుకూ ఇంటికీ మాత్రమే తిరిగేవారైతే కంపెనీ రబ్బరు బేరింగే వేయించుకోండి. ఏది వేయించినా, షాఫ్టు విప్పకముందే సుద్దగీత మీరే గీయండి. వచ్చే సర్వీసులో నేను మళ్లీ రబ్బరుకే మారాలా అని ఆలోచిస్తున్నాను, అమ్మ కోసం.