చంద్రపూర్‌లో తోలు మిషన్ సర్వీసింగ్: చాచా షాపు, ఆయన ఇచ్చిన తెల్లనూనె

తోలు కుట్టే మా ప్యాచింగ్ మిషన్ చక్రం ఇప్పుడు ఒక్క వేలితో తిరుగుతోంది. రెండు నెలల కింద రెండు చేతులూ వేసినా మొరాయించేది.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న బల్లార్షా. నాన్న చెప్పులు కుట్టేవారు. నేను ఎక్కువగా ఎడ్ల మెడపట్టాలు, గజ్జెల పట్టాలు కుడతాను. మనకు పొలాల అమావాస్య, ఇక్కడివాళ్లకు పోళా. ఎడ్లను పూజించే ఆ పండగకు ముందు నెల రోజులు అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. మిషన్ సింగర్ 29కె, నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆ ‘కె’ అంటే స్కాట్లండ్‌లోని కిల్‌బోవీ ఫ్యాక్టరీ అని నాకు ఈ మిషన్ బాగుచేసిన చాచా చెబితేనే తెలిసింది. సన్నగా పొడుగాటి చేయి, తోలును అదిమిపట్టి ఎటు కావాలంటే అటు తిరిగే ఫుట్. సంచి అడుగుకైనా చెప్పు ముక్కులోకైనా దూరి కుడుతుంది.

ఈ ఎండాకాలం అది కుట్లు వదిలేయడం మొదలుపెట్టింది. దారం టెన్షన్ మార్చాను, సూది మార్చాను, దారం మార్చాను. లాభం లేదు. చూసిన ఒకాయన, లోపల పళ్లపట్టీ అరిగిపోయింది, కొత్తది వెయ్యాలి, మూడు వేలవుతుంది అన్నాడు. నాకు మనసొప్పలేదు. మిషన్‌ను ఆటోలో పెట్టుకుని చంద్రపూర్ వెళ్లాను. జట్‌పురా గేటు లోపలివైపు, బోర్డు కూడా సరిగ్గా కనపడని చిన్న షాపు అది.

చాచా ముందు దారం, సూది తీసేసి చక్రాన్ని మెల్లగా తిప్పి చూశారు. చేయి చివర మూత విప్పి, అగ్గిపుల్లతో లోపల గీకి, ఆ పుల్ల నా చేతికిచ్చారు. దాని మీద చింతపండు గుజ్జులాంటి ముద్ద. వేలికి అంటితే వదల్లేదు, నలిపితే ఇసుకలా గరగరలాడింది. “ఏం నూనె పోస్తున్నావు బేటీ?” అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విడిగా అమ్మే మిషన్ ఆయిల్, అది అయిపోతే ఇంట్లో ఉన్న వంటనూనె, ఒక్కోసారి కొబ్బరినూనె.

ఆయన తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పారు. వంటనూనె గాలి తగిలితే జిగురవుతుంది, కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది. ఆ జిగటకు తోలు పొడి, మా ఊరి బొగ్గు ధూళి అంటుకుంటే లోపలంతా బిగుసుకుపోతుంది. చేయి లోపల, కింది దారం మోసే షటిల్‌ను నడిపే పళ్లపట్టీ కొంచెం ఆలస్యంగా కదిలినా చాలు, సూది దగ్గర ఏర్పడే దారపు ఉచ్చు షటిల్ ముక్కుకు దొరకదు. కుట్టు పోయేది అక్కడే.

తర్వాత ప్రతి రంధ్రంలోనూ కిరసనాయిలు పోసి, చేత్తో చక్రం తిప్పుతూ, కారినదాన్ని గుడ్డతో తుడుస్తూ పోయారు. మొదట తారులా నల్లగా వచ్చింది, తర్వాత టీ రంగులో, చివరికి తేటగా. రాత్రంతా నానబెట్టి మర్నాడు మళ్లీ అదే పని. అదంతా ఆరాకే నూనె. పళ్లపట్టీ నాకు చూపించి, “కొంచెం అరిగింది, కానీ ఇంకా నడుస్తుంది, ఇప్పుడే మార్చొద్దు” అన్నారు. కొత్తది వేసి డబ్బు తీసుకుంటే నాకేం తెలిసేది? నేనీ రివ్యూ రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. మొత్తం 700 తీసుకున్నారు.

ఆయన ఇచ్చిన తెల్లనూనె లీటరు డబ్బా 280. డబ్బా మీద ఐఎస్ఓ వీజీ 32 అని ఉంది, అది నూనె చిక్కదనం నంబరు. నీళ్లలా తేటగా ఉంటుంది, వాసన లేదు. వేగంగా తిరిగే, బట్టలు కుట్టే మిషన్లకు ఇంకా పలచనైన 22 చాలట. మా దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, నెమ్మదిగా నడిచే ఈ మిషన్‌కు 32 నిలుస్తుందన్నారు. నూనె పోసే రంధ్రాలన్నిటి పక్కనా ఎర్ర రంగు చుక్కలు పెట్టిచ్చారు. వాటిలో సగం నేను ఇన్నేళ్లూ చూడనే లేదు. షటిల్‌కు పొద్దున ఒక చుక్క, మధ్యాహ్నం ఒక చుక్క. తొక్కుడు బెల్టుకు మాత్రం నూనె తగలనివ్వకూడదు, జారిపోతుంది. పోశాక దారం లేకుండా ఒక నిమిషం తిప్పి, మరక ఆగేదాకా పాత తోలు ముక్క మీద కుట్టాలి. మొదటి రోజు తొందరపడి ఈ పని మానేశాను. రంగు వేయని పట్టా మీద రూపాయి బిళ్లంత మరక పడింది. ఎంత తుడిచినా పోలేదు, ఆ పట్టా పక్కన పడేశాను.

నచ్చనివీ ఉన్నాయి. రెండు రోజులన్నారు, నాలుగు రోజులైంది. బిల్లు ఇవ్వరు. తోలు కోసుకుంటూ దిగే మొన ఉన్న సూదులు నేను వెళ్లినప్పుడు లేవు, గుడ్డ సూదులే ఉన్నాయి. నూనె డబ్బా మూత కారుతుంది, ఇంటికి రాగానే పొడుగు ముక్కు నూనెడబ్బాలోకి ఒంపుకోండి.

ఈ పోళాకు ఇప్పటికి అరవై పట్టాలు కుట్టాను, రెండు పొరల దున్నతోలు మీద. ఒక్క కుట్టు వదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది. పండగ దగ్గర పడ్డాక వెళ్తే చాచా చేతిలో ఖాళీ ఉండదు, వానలు మొదలయ్యేలోపే మిషన్ తీసుకెళ్లండి.