చెకుముకి కిట్ రివ్యూ: ఉక్కు బాగుంది, బొగ్గుగుడ్డ మాత్రం ఉత్త దండగ

850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో చెకుముకి కిట్ తెప్పించాను, రాయితో ఉక్కుని కొట్టి నిప్పు పుట్టించేది. పార్సిల్ విప్పుతుంటే అమ్మ చూసి "అగ్గిపెట్టె రెండు రూపాయలేగా నాన్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. 2021 డిసెంబరు దాకా అయితే రూపాయే.

డబ్బాలో వచ్చినవి: వంచిన ఉక్కు ముక్క ఒకటి, చెకుముకి రాయి ఒకటి, చిన్న రేకు డబ్బా, అందులో ఎనిమిది నల్లటి గుడ్డ ముక్కలు, కాస్త జనపనార.

ముందు మంచి చెప్తాను. ఉక్కు నిజంగా బాగుంది. చాలామంది రవ్వలు రాయిలోంచి వస్తాయనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి, కానీ రాయి అంచు ఉక్కుని గీరేస్తే లేచే సన్నటి ఇనుప రజనే గాలి తగిలి మండుతుంది, అందుకే ఉక్కు గట్టిగా ఉండాలి, స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె పట్టుకుని ఎంత కొట్టినా లాభం లేదు. ఈ కిట్‌లోది నాలుగైదు దెబ్బలకే రవ్వలు రాల్చింది. రాయి అంచు మొద్దుబారాక మా పొలం గట్టు మీద దొరికిన పలుగురాయి పగలగొట్టి వాడాను, అదీ పని చేసింది, కాకపోతే పెచ్చులు ఊడుతుంది, కళ్లు జాగ్రత్త.

ఇక బొగ్గుగుడ్డ, అంటే డబ్బాలో వచ్చిన ఆ నల్లటి ముక్కలు, మండనీయకుండా కాల్చి బొగ్గు చేసిన గుడ్డ. రవ్వ పడితే అంటుకోవాల్సింది ఇదే, మామూలు గుడ్డ ఆ చిన్న రవ్వకి అంటుకోదు. వీళ్లిచ్చిన ముక్కల మీద రవ్వలు పడుతున్నాయి, ఆరిపోతున్నాయి. భుజం నొప్పి పుట్టేదాకా కొట్టాను. ఒక ముక్క విరిచి చూస్తే గాజుపెంకులా గట్టిగా కరిగి గడ్డకట్టి ఉంది, అంటే నూలు కాదు, పాలిస్టర్ కలిసిన గుడ్డ. 'నూరు శాతం కాటన్' అని పైన అచ్చు వేశారు మరి! అమ్మిన వాళ్లకి ఫొటోలతో మెసేజ్ పెడితే "తేమ తగిలి ఉంటుంది సార్" అన్నారు. తేమ తగిలితే గుడ్డ కరుగుతుందా?

సరేనని నేనే తయారు చేశాను. అమ్మ వంటింటి మసిగుడ్డ ఒకటి, తాతయ్య పాత పంచెలోంచి చింపింది, అంతకంటే అసలైన నూలు ఎక్కడ దొరుకుతుంది. ముక్కలు కోసి, బాగా కడిగిన ఖాళీ షూ పాలిష్ డబ్బాలో వదులుగా పేర్చి, మూతకి మేకుతో ఒకే ఒక్క చిల్లు పెట్టి, మిద్దె మీద బొగ్గుల కుంపటి మీద పెట్టాను. చిల్లులోంచి పొగ చిమ్ముతుంది, ఒక్కోసారి ఆ పొగకే మంట అంటుకుంటుంది, కంగారు పడొద్దు. లోపల గాలి చాలదు కాబట్టి గుడ్డ మండకుండా బొగ్గవుతుంది, అంతే కిటుకు. పొగ పూర్తిగా ఆగాక దించి, చిల్లులో పుల్ల దూర్చి వదిలేయాలి. మొదటిసారి ఆత్రం ఆగక వేడి డబ్బా మూత తీశాను. గాలి తగలగానే మొత్తం ఎర్రగా రాజుకుని బూడిదైంది. ఇంకో మసిగుడ్డ అడిగితే అమ్మ చూసిన చూపు గురించి చెప్పను.

రెండోసారి కుదిరింది. ఒక్క రవ్వ పడగానే ఎర్రటి చుక్క, మంట లేకుండా మెల్లగా పాకుతూ పోతుంది, దాన్ని కొబ్బరి పీచు గూటిలో పెట్టి ఊదితే ముందు తెల్లటి పొగ, ఆ తర్వాత భగ్గున మంట.

అక్కడితో ఆగలేదు. జొన్న చొప్ప చెక్కు తీసి లోపలి బెండుని అదే పద్ధతిలో కాల్చాను, చేత్తో పట్టుకుంటే పొడైపోయేంత పెళుసు, కానీ నిప్పుని గుడ్డకంటే ఎక్కువసేపు నిలుపుతుంది. మెత్తబడిన పుచ్చు కొయ్య ఇంకా ఎక్కువసేపు నిలుపుతుంది, అయితే రవ్వ పట్టడానికి కాస్త సతాయించింది. బూరుగు దూది రవ్వ పడీపడగానే అంటుకుంటుంది గానీ ఊదితే ఎగిరిపోతుంది. ఇది చూసి అమ్మ "మీ ముత్తాత మొలకి తిత్తి ఉండేదిరా, అందులో రాయీ, ఉక్కు బద్దా, ఇదే దూదీ, చుట్ట ముట్టించుకోడానికి" అంది. ఆ మాటేదో పార్సిల్ విప్పిన రోజే చెప్పి ఉంటే బాగుండేది.

వానాకాలంలో ఏది కాల్చి పెట్టుకున్నా గాలి చొరని డబ్బాలో దాచాలి, బయట ఉంచింది రెండు రోజులకే మొండికేసింది. ఎండాకాలం గడ్డి దగ్గర, అడవుల్లో మాత్రం ఈ ప్రయోగాలు పెట్టుకోకండి.

నా రేటింగ్ 5కి 2. రెండూ ఉక్కుకే. ఇంట్లో విరిగిన పాత ఆకురాయి (అరగదీసే ఉక్కు ఫైలు) ఉంటే అది కూడా చక్కగా రవ్వలు రాలుస్తుంది, నేను కిట్ కొన్న వారానికి మా వడ్రంగి దగ్గర ఊరికే దొరికింది.