ఒంగోలు పాటల ప్రోగ్రాంకి తీసుకెళ్లిన జూమ్ హెచ్1 ఎసెన్షియల్: రెండ్రోజులు వాడాక

ముందే చెప్పేస్తా, కొనుక్కోవచ్చు. ఊళ్లో చిన్న స్టేజీల మీద సొంత పాటలు పాడేవాళ్లని రికార్డ్ చేసి నలుగురికీ వినిపించాలనే తపన ఉంటే ఈ చిన్న సౌండ్ రికార్డర్ డబ్బా చాలు. స్టూడియో పనికి మాత్రం ఇది కాదు, స్టేజీ మైకులకుండే పెద్ద ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు దీనికి తగలవు, బయటి సౌండ్ లోపలికి ఇవ్వాలంటే 3.5 ఎంఎం పిన్ను ఒక్కటే దారి.

మా ఒంగోల్లో కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి రెండ్రోజుల ప్రోగ్రాం పెట్టుకున్నారు. సినిమా పాటలు వద్దు, ఎవరి పాట వాళ్లే రాసుకుని పాడాలి, అదొక్కటే రూలు. మొదటిరోజు ఊళ్లోనే ఒక గ్రౌండ్‌లో, రెండోరోజు సాయంత్రం కొత్తపట్నం బీచ్ కాడ. కిందటేడు నేను ఫోన్‌తోనే రికార్డ్ చేశా. డప్పు పడ్డప్పుడల్లా సౌండ్ పగిలిపోవటం, పాట మెల్లగా నడిచేచోట ఫోన్ తనంతట తనే లెవెల్ పైకి లాగేసి వెనక కూర్చున్నోళ్ల మాటలన్నీ పాట మీదకి రావటం, ఇంటికొచ్చి వింటే ఒక్కటి కూడా పాడినోళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు. అంత కష్టపడి రాసుకున్న పాటలు అట్టా పోయినందుకు చాలా బాధేసింది. అందుకే ఈసారి డబ్బులు దాచి ఇది తీసుకున్నా.

దీని అసలు గొప్పతనం 32 బిట్ ఫ్లోట్, అంటే బాగా మెల్లని సౌండ్‌నీ బాగా గట్టి సౌండ్‌నీ ఒకే ఫైల్లో పాడవ్వకుండా దాచే పద్ధతి. మామూలు రికార్డర్‌లో పాట మొదలవ్వకముందే గెయిన్ (లోపలికొచ్చే సౌండ్‌ని ఎంత పెంచాలన్నది) ఇంతని పెట్టుకోవాలి, ఎక్కువ పెడితే పగిలిద్ది, తక్కువ పెడితే తర్వాత పెంచినప్పుడు హిస్స్ వస్తది. ఇందులో గెయిన్ తిప్పే పనే లేదు, రికార్డ్ నొక్కి పక్కన కూర్చోవటమే. లెవెల్ సంగతి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు.

ఇది మాటల్లో చెప్తే నమ్మబుద్ధి కాదు, మొదటిరోజు రాత్రి జరిగింది చెప్తా. కరవది మాకు పక్కూరే, నాదస్వరం షేక్ చిన మౌలానా గారు 1924లో పుట్టిన ఊరు. అటువైపు నుంచి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు, ఒకరు నాదస్వరం, ఒకరు డోలు, వాళ్లతో పాటు మా ఒంగోలు అబ్బాయి గిటార్. మొదట రెండు నిమిషాలు గిటార్ ఒక్కటే, తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినపడేంత మెల్లగా, జనం మొత్తం గప్‌చుప్. ఆ తర్వాత ఒక్కసారిగా డోలూ నాదస్వరం అందుకున్నాయి, నా గుండెల్లో దెబ్బలు పడ్డట్టే అనిపించింది. ఇంటికెళ్లి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అక్కడ సౌండ్ గీతలన్నీ పైనా కిందా కోసేసినట్టు బల్లపరుపుగా ఉన్నాయి, పోయింది అనుకున్నా. లెవెల్ 9 డీబీ (డెసిబెల్స్) తగ్గించా. కోసేసిన కొనలన్నీ తిరిగొచ్చాయి! డోలు ప్రతి దెబ్బా గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది, మొదట్లో గిటార్ని పైకి లేపినా హిస్స్ లేదు. ఆ ఒక్క పాటతోనే నా డబ్బులు నాకొచ్చేసినట్టు.

అట్టాగని యాడ పెట్టినా పనైపోద్దనుకోవద్దు. లోపలుండే మైకులు 120 డీబీ దాకానే తట్టుకుంటాయి, అది దాటితే మైకు దగ్గరే సౌండ్ పాడైద్ది, ఫ్లోట్ ఏం చెయ్యలేదు. కాబట్టి డోలు పక్కన పెట్టొద్దు. స్టేజీకి పది పన్నెండు అడుగుల దూరంలో, మధ్యలో, మనుషుల తలల కంటే ఎత్తులో స్టాండ్ వేస్తే నాకు బాగా కుదిరింది. స్పీకర్ బాక్స్ ముందు పెట్టారా, ఆ బాక్సే వినపడిద్ది, మనుషులు వినపడరు.

గాలి సంగతి బీచ్‌లో తెలిసింది. మొదటి రెండు పాటలు మామూలు ఫోమ్ తొడిగి తీశా, సముద్రపు గాలి తగిలినప్పుడల్లా బుస్సుమని మోత. బొచ్చు కవర్ తొడిగాక సర్దుకుంది. ఆ రెండు పాటలు మాత్రం పోయినట్టే, మైకుని గాలి కొట్టిందంటే ఏ బిట్లూ తిరిగి తేలేవు.

బీచ్‌లో స్టేజీ మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి కూడా కేబుల్‌తో నేరుగా లైన్ తీసుకున్నా. మిక్సర్ చూసే ఆయన్ని "అన్నా, ఒక్క అవుట్ ఇస్తావా" అంటే "తీసుకో అబ్బాయ్, రికార్డ్ అవుట్ ఖాళీగానే ఉండాది" అని ఆయనే కేబుల్ వెతికిచ్చాడు. మొదట్లో గుయ్యిమని హమ్ వచ్చింది, పక్కనున్న లాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగింది. ఆ లైన్‌లో గొంతు అద్దంలా వచ్చింది కానీ డప్పు దాదాపు లేదు, దానికి మైకు పెట్టలేదు కదా. ఈ డబ్బా లోపలి మైకులూ లైనూ రెండూ ఒకేసారి తీసుకోదు, అందుకని ఫ్రెండ్ దగ్గర తెచ్చిన ఇంకో రికార్డర్ జనంలో పెట్టి, పాటకి ముందు ఒక చప్పట కొట్టించి, తర్వాత ఆ చప్పుడు దగ్గర జతచేసి రెండూ కలిపా. గంట ఫైలు మొత్తంగా కలపొద్దు, రెండు మెషీన్ల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు, చివరికొచ్చేసరికి ఒకటి వెనకబడిద్ది. పాటకి పాట విడదీసి కలుపుకోండి.

48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకి దాదాపు 1.4 జీబీ అయిద్ది, 32 జీబీ కార్డు రెండ్రోజులకీ ధారాళంగా సరిపోయింది. రెండు సన్న సెల్స్‌తో నడుస్తది, స్పేర్ జత జేబులో పెట్టుకోండి. చూపు లేనివాళ్ల కోసం మెనూ మాటల్లో చెప్పే ఏర్పాటు కూడా ఉంది, అది నాకు బాగా నచ్చింది.

ఇక పంచటం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. పాడినోళ్లని అడక్కుండా పెట్టొద్దండి. మన 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ కింద పాడినవాళ్లకి వాళ్ల ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కుంది, చట్టం లేకపోయినా అడగటం మర్యాద. నేనేం చేశానంటే ప్రతి ఒక్కరి చేతా మొదలెట్టే ముందే రికార్డర్ దగ్గర పేరు, పాట, అందరికీ పంచొచ్చా లేదా అన్నది చెప్పించుకున్నా, అనుమతి కూడా ఆ ఫైల్లోనే ఉండిపోయింది. ఒక అక్క వాళ్ల నాయనమ్మ జోలపాటకి కొత్త చరణాలు కట్టి పాడింది, "ఇది బయటికి వద్దు తమ్ముడూ, ఇంట్లోవాళ్లకే" అంది. అది ఆమెకి ఒక్కదానికే ఇచ్చి నా దగ్గర తీసేశా.

మిగతావి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పెడుతున్నా. అక్కడ ఒప్పుకున్న బ్యాండ్ల కచేరీలని 2002 నుంచీ దాస్తున్నారు, ఎవరైనా ఊరికే వినొచ్చు. సౌండ్ పాడవ్వకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫైల్లోకి ఫ్లోట్ ఎక్కదు, కాబట్టి ముందు లెవెల్ సరిచేసుకుని 24 బిట్‌లోకి మార్చుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోలో పెట్టి పంపితే సౌండ్ నలిగిపోద్ది.

డోలు అబ్బాయి వాళ్ల నాన్నకి ఫోన్‌లో పంపితే, ఫోన్‌లో డోలు ఏం వినపడిద్ది బాబూ, పెన్‌డ్రైవ్‌లో వెయ్యి, ఇంట్లో పెద్ద బాక్సుల్లో పెట్టుకుంటాం అన్నారు. ఆదివారం కరవది వెళ్లి ఇచ్చొస్తా.