కిలార్నీలో కొమ్ముల జింకల కోసం

ప్రాచీన ఐరోపా తెగలైన కెల్టుల కథల్లో వేటగాడు జింక వెంట పడ్డాడంటే, ఈ లోకం పొలిమేర దాటబోతున్నాడన్నమాటే. ఐర్లండ్ వీరుడు ఫిన్‌కు అలా దొరికిన ఆడ జింకే సైవ్. మంత్రం వల్ల జింకగా మారిన ఆమె అతని కోటలో మళ్లీ మనిషై, అతన్ని పెళ్లాడింది. వాళ్ల కొడుకు ఒషీన్. అతను నీవ్ అనే యువరాణితో కలిసి ముసలితనం లేని లోకానికి వెళ్లింది ఐర్లండ్‌లోని కిలార్నీ ఊరి దగ్గర లోక్ లీన్ సరస్సు మీదుగానే అని స్థానికులు చెప్పుకుంటారు.

కిలార్నీకి వెళ్లే ముందు పారిస్‌లో క్లూనీ మ్యూజియం చూశాం. రోమన్ చక్రవర్తి టిబేరియస్ కాలంలో సీన్ నది పడవల వర్తకులు చేయించిన రాతి స్తంభం అందులో ఉంది. 18వ శతాబ్దం మొదట్లో నోత్ర్ దామ్ చర్చి కింద బయటపడింది. దాని మీద కెర్నున్నోస్ అనే కెల్టుల దేవుడు, తలపై జింక కొమ్ములు, ఒక్కో కొమ్ముకు ఒక్కో కడియం. రాయి బాగా అరిగింది, అయినా ఆ ముఖం ముందు చాలాసేపు నిలబడిపోయాను. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

కిలార్నీలో బస ఊళ్లోనే తీసుకోండి. మక్రాస్ వైపు హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి కానీ కారు లేకపోతే కష్టం. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది, శాకాహారులమని ముందే చెబితే టిఫిన్‌కు పుట్టగొడుగులు, బీన్స్ విడిగా చేసిచ్చారు. గుర్రబ్బండి సరదాగానే ఉంటుంది, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. మా బండివాడు దిగాక ఎక్కువ అడిగాడు, మనసు చివుక్కుమంది.

అసలు చూడాల్సింది తెల్లవారుజామున, ఊరిని ఆనుకునే ఉన్న నాక్‌రీర్ మైదానంలో. అది కిలార్నీ నేషనల్ పార్కులో భాగం, ప్రవేశం ఉచితం. పొగమంచులోంచి మగ జింక అరుపు వినిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఏటా వసంతంలో రాలిపోయి ఆగస్టుకల్లా మళ్లీ నిండుగా పెరిగే ఆ కొమ్ముల్లో జనం పునర్జన్మను ఎందుకు చూశారో అక్కడ నాకు అర్థమైంది. ఒక్కటే చూసే వీలుంటే పారిస్ మానేసి ఇక్కడికే రండి. కాకపోతే జతకట్టే కాలంలో మగవి మీదికొస్తాయి, ఫొటోల కోసం దగ్గరికి వెళ్లొద్దు. వేసవి మొదట్లో వస్తే కొమ్ములు నూగుతోనే ఉంటాయి, ఆ అరుపులూ ఉండవు. కుదిరితే అక్టోబరులోనే పెట్టుకోండి.